నురగ మామయ్య కుడికన్ను

ఆయన్ని అసలు పేరుతో పిలిస్తే ఆయనే వెనక్కి తిరిగి చూడడు. రైఫిల్ క్లబ్బులో చిన్నాపెద్దా అందరికీ ఆయన నురగ మామయ్య. తల ముగ్గుబుట్ట అయిపోయిన సెక్రటరీ గారు కూడా "మామయ్యా, కాస్త ఈ బోల్టు చూస్తావా" అనే అంటారు. నిజంగా ఆయన్ని అలా పిలిచే హక్కున్న మనిషి క్లబ్బులో ఒక్కతే ఉంది, ఆయన అక్క కూతురు. "నా సొంత మామయ్యని ఊరుమ్మడి ఆస్తి చేసిపారేశారు" అని ఆ పిల్ల ముక్కు చిట్లిస్తూ ఉంటుంది.

ఇక నురగ సంగతి. రైఫిల్ అనగానే చాలామందికి పేల్చడమే గుర్తొస్తుంది. పేల్చడానికేముంది, వేలు కదిపితే అయిపోయె. ఆ తర్వాత దాన్ని తోమడం ఉంది చూశారూ, అదీ అసలు సంసారం. బుల్లెట్టుకి పైన పల్చటి రాగి తొడుగు ఉంటుంది. అది బ్యారెల్ లోపలి గాడుల్ని ఒరుసుకుంటూ దూసుకుపోయేటప్పుడు పిసరంత రాగిని అక్కడే వదిలేసి పోతుంది. పిసరూ పిసరూ పేరుకుంటే ఎంత మంచి రైఫిలైనా చెప్పిన మాట వినడం మానేస్తుంది. ఆ రాగిని వదిలించేదే ఈ నురగ. డబ్బాకి సన్నటి గొట్టం తగిలించి బ్యారెల్ వెనకనుంచి నొక్కితే, తెల్లటి నురగ బుసబుసమంటూ లోపలంతా నిండి మూతి దగ్గర తొంగిచూస్తుంది. కాసేపు దాని మానాన దాన్ని వదిలేయాలి. రాగి తగిలితే నురగ నీలంగా మారుతుంది. తర్వాత పొడవాటి రాడ్ మొనకి తెల్లగుడ్డ ముక్క చుట్టి వెనకనుంచి ముందుకు తోయాలి. గుడ్డ నీలంగా వచ్చిందా, లోపల ఇంకా రాగి ఉన్నట్టు. మళ్ళీ నురగ కొట్టాలి. తెల్లగా వచ్చిందా, బ్యారెల్ శుభ్రం. ఇంతే శాస్త్రం. మనుషులు అబద్ధమాడతారు గానీ గుడ్డ అబద్ధమాడదని మామయ్య సిద్ధాంతం.

ఆయన ఈ పనిలోకి వచ్చిన తీరు కూడా తమాషానే. లేత్ షాపులో పనిచేసుకునే కుర్రాడు ఒకరోజు క్లబ్బు గేటుకి కొత్త బందులు వెయ్యడానికి వచ్చాడు. వేసి చేతులు దులుపుకుంటుంటే, అప్పటి సెక్రటరీ ఎవరో బిగుసుకుపోయిన రైఫిల్ బోల్టు ఒకటి పట్టుకొచ్చి "ఇదేమైనా కదుల్తుందేమో చూడు బాబూ" అన్నారు. చూశాడు. కదిలింది. ఆ గేటు బందులు అరిగిపోయి మళ్ళీ మార్చారు, గేటే పాడై కొత్తది పెట్టారు, మామయ్య మాత్రం ఆ ఆవరణ వదిలి పోలేదు.

ఇంకో విచిత్రం చెప్తే నమ్మరు. తుపాకుల మధ్యే తల నెరిసిన ఈ మనిషికి తుపాకి చప్పుడంటే గుండె దడ. షూటింగ్ మొదలయ్యే వేళకి చెవుల్లో ఇంతింత దూది కుక్కుకుంటాడు. జన్మలో ఒక్కసారి ట్రిగ్గర్ నొక్కాడట, అదీ కళ్ళు రెండూ గట్టిగా మూసుకుని. ఆ గుండు ఎటు పోయిందో ఇప్పటికీ ఎవరికీ తెలీదు. "వంట చేసేవాళ్ళందరూ తినాలని ఉందా ఏంటి" అని ఎదురు ప్రశ్న వేస్తాడు ఎవరైనా నవ్వితే.

క్లబ్బు వెనక ఆయన గది. ఒక కిటికీ, ఒక బల్ల, బల్లమీద రైఫిల్ పడుకోబెట్టడానికి మెత్తటి గుడ్డ పరిచిన రెండు కొయ్య పంగలు. మూలన చిన్న లేత్. గోడకి నూనె డబ్బాలు. గుడ్డముక్కలు మాత్రం ఇంటినుంచే వస్తాయి. ఆయన భార్య దర్జీ పని చేస్తుంది. క్లబ్బు వాళ్ళకి ఆవిడ అత్తయ్య. పాత తెల్ల దుప్పట్లు ఉతికి, ఆరేసి, చిన్నచిన్న చదరాలుగా కత్తిరించి డబ్బాకెత్తి ఇస్తుంది. "అందరి మొగుళ్ళూ పనికి కారియర్ పట్టుకెళ్తారు, నా మొగుడు చింకిగుడ్డలు పట్టుకెళ్తాడు" అని ఇరుగుపొరుగుతో అంటుంది గానీ, ఆ చదరాల అంచులు ఎప్పుడూ వంకరపోవు. ఎవరో కొన్న ముక్కలు తెస్తే ఆవిడే వేళ్ళతో నలిపి చూసి పక్కన పడేసింది.

ఇలా సాఫీగా సాగిపోతున్న సంసారంలోకి శుక్లాలు వచ్చిపడ్డాయి. ఒక కంటికి కాదు, రెండింటికీ. ముందు కుడికంటికి ఆపరేషన్ చేశారు. కట్టు విప్పినప్పుడు డాక్టరమ్మ బోలెడు జాగ్రత్తలు చెప్పింది. ఎడమకన్ను కూడా త్వరగా చేయించుకోవాలి, శుక్లం ముదిరిపోతే తీయడం కష్టం, చూపుకే ముప్పు అని ఖరాఖండీగా చెప్పింది. ఆ మాట మామయ్య ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాడు. "కొన్నాళ్ళు రంగులు కొత్తగా కనిపిస్తాయండీ, నీలం మరీనూ" అని మాటవరసకి అన్నది మాత్రం మనసులో పెట్టుకున్నాడు. మనుషులింతే, పనికొచ్చేది వదిలి పనికిరానిది పట్టుకుంటారు.

విశ్రాంతి రోజులు అయిపోయి మళ్ళీ గదిలోకి అడుగుపెట్టేసరికి ఆయనకి చేతులు దురద పెడుతున్నాయి. రాడ్ చివరన గుడ్డ చుట్టే పాత ప్లాస్టిక్ మొన ఎప్పుడో అరిగిపోయింది, గుడ్డ జారిపోతోంది. ఇంకేం, లేత్ దగ్గర నిలబడి ఇత్తడి కడ్డీలోంచి కొత్త మొన చెక్కాడు. చుట్టూ గాట్లు, చివర సన్నటి ముల్లు. బంగారంలా ధగధగలాడింది. ఒట్టి నూనె, బ్రష్షులతో తోమిన పాతరోజుల్లో అందరూ ఇత్తడి మొనలే వాడేవాళ్ళు. డబ్బాల్లో నురగ రావడం మొదలయ్యాక, దాంతోపాటే ప్లాస్టిక్ మొనలూ వచ్చాయి. ఎందుకొచ్చాయని ఎవరూ అడగలేదు, మామయ్య అసలే అడగలేదు.

కొత్త మొనతో బల్లెక్కిన మొదటి రైఫిల్ మేనకోడలిదే. ఆ పిల్ల బేకరీలో పనిచేస్తుంది. తెల్లారకముందే లేచి పిండి పిసికి పిసికి మణికట్లు ఇనుములా తయారయ్యాయి, అందుకే రైఫిల్ పట్టుకుంటే చెయ్యి వణకదు. ఆదివారం సెలెక్షన్ పోటీ. దానికోసం ఏడాదిగా సెలవురోజన్నది ఎరగదు.

మామయ్య నురగ కొట్టాడు, ఆగాడు, గుడ్డ తోశాడు. నీలం. మళ్ళీ కొట్టాడు. నీలం. సరేలే, రాగి ఎక్కువ పేరుకుందనుకున్నాడు. మర్నాడూ నీలమే. ఆ మర్నాడూ అంతే. ఆయన పాతికసార్లు తోమిన బ్యారెల్ అది, దాని గుణం ఆయనకి తెలుసు, ఇంత మొండికేసేది కాదు.

మొదట అనుమానం గుడ్డమీదికి పోయింది. ఇంటికి రాగానే "దుప్పట్లు ఉతికేటప్పుడు నీలిమందు ఎక్కువ పోశావా?" అన్నాడు.

అత్తయ్య కుట్టుమిషన్ ఆపేసింది. "ఏంటీ?"

"గుడ్డలు నీలంగా వస్తున్నాయి."

"నేను గుడ్డలకి నీలిమందు పెట్టడం కొత్తగా నేర్చుకుంటున్నానా? ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, మీ తోముడు కుదరకపోతే నా దుప్పట్లు దొరికాయా!"

ఆ రాత్రి కంచం ఆయన ముందు ఠంగుమని పెట్టి మళ్ళీ మిషన్ దగ్గరికి పోయింది.

గుడ్డ తప్పు కాదని తెలిశాక మామయ్య బీరువాలోంచి ఇంకో రైఫిల్ తీశాడు, ఎవరూ పెద్దగా వాడనిది. దాన్ని తోమాడు. నీలం. మరోటి తీశాడు. అదీ నీలమే. బీరువాలో ఉన్న బ్యారెళ్ళన్నీ కూడబలుక్కుని ఒక్కసారే పాడవుతాయా? లేదు. ఆ నీలం గుడ్డమీద లేదు, తన కంట్లో ఉంది. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనపడ్డట్టు తనకి మసి పట్టిన ప్రతి గుడ్డా నీలంగా కనపడుతోంది. డాక్టరమ్మ చెప్పనే చెప్పింది కదా!

కుడికన్ను మూసి ఎడమకంటితో గుడ్డ చూశాడు. మాసినట్టుంది, అంతే. ఎడమది మూసి కుడికంటితో చూశాడు. నీలం, ముదురు నీలం. ఎడమకన్ను పాతది, నమ్మకమైనది, ఇన్నేళ్ళు అన్నం పెట్టింది. కుడికన్ను నిన్నగాక మొన్న కోసి కుట్టింది. ఎవరి మాట నమ్మాలో ఆయనకి వేరే చెప్పాలా?

పక్కనున్న ఎవరినైనా పిలిచి "ఇది ఏ రంగు బాబూ" అని అడిగితే పోయేది. అడగడే! ఇన్నేళ్ళుగా గుడ్డ చేతిలో పట్టుకుని "ఇదిగో చూడు, ఇంకా పోలేదు" అని అందరికీ చెప్పినవాడు, ఇప్పుడు పోయి గుడ్డ రంగు చెప్పమని ఎవర్ని అడుగుతాడు? ముక్కల్ని వచ్చినవి వచ్చినట్టే చెత్తబుట్టలో కుక్కేసి, మళ్ళీ తోమేవాడు. తోమడం ఎక్కడ ఆపాలో తెలియకపోతే ఆపడమే ఉండదు కదా.

అక్కడ మేనకోడలి గుళ్ళు చెదిరిపోవడం మొదలైంది. రోజూ మొదటి గుళ్ళు ఒకటి అటు, ఒకటి ఇటు. "ఏమైంది మామయ్యా దీనికి? మొన్నటిదాకా ఒకే కన్నంలో దూరేవి కదా" అని ఏడుపు మొహంతో వచ్చింది. మామయ్య ఏం చెప్తాడు? నా కన్ను పోయింది తల్లీ, నీ రైఫిల్ శుభ్రంగా ఉందో లేదో నాకే తెలియట్లేదని చెప్పడానికి నామోషీ అడ్డొచ్చింది. "శుక్రవారం సాయంత్రం రా, ఏ సంగతీ చెప్తాను" అని పంపేశాడు.

ఇంట్లో కూడా ప్రతి వస్తువునీ కుడికన్ను మూసి ఒకసారి, తెరిచి ఒకసారి చూడటం అలవాటైంది. గోడగడియారాన్నీ అలాగే చూసేవాడు, నీళ్ళ గ్లాసునీ అలాగే చూసేవాడు, చివరికి భార్యనీ అలాగే చూశాడు.

"హవ్వ! ఏంటండీ ఈ వయసులో కన్ను కొట్టడం?" అంది అత్తయ్య. "కొట్టాల్సిన వయసులో తల వంచుకుని పోయేవారు."

ఆయన నవ్వలేదు. నవ్వలేదంటే ఏదో ఉందని ఆవిడకి అప్పుడే అనుమానం వచ్చింది. ఎడమకంటి ఆపరేషన్ తేదీ ఎప్పుడు అడుగుదామన్నా "ముందు దీని సంగతి తేలనీ" అని దాటేస్తున్నాడు. ఆస్పత్రివాళ్ళు ఫోన్ చేస్తే బయటికి వెళ్ళిపోతున్నాడు. ఉన్న ఒక్క కన్నునీ పాడుచేయించుకోవడం ఎందుకని ఆయన లోపల లెక్క. ఆ ఒక్క కన్నే రోజురోజుకీ మసకబారుతోందన్న సంగతి మాత్రం లెక్కలోకి రాలేదు.

శుక్రవారం మధ్యాహ్నం అత్తయ్య ఎప్పట్లాగే కారియర్, కంటిమందు పట్టుకుని గదికి వచ్చింది. మందు మీరే వేసుకోండి అంటే ఆయన చుక్క బుగ్గమీద వేసుకుంటాడు, అందుకే ఆవిడ రాకపోకలు.

బల్లమీద మేనకోడలి రైఫిల్ పంగలమీద పడుకుని ఉంది, మూతి కాస్త కిందికి వంగి. మూతి కింద ఒక పింగాణీ గిన్నె. లోపలి నురగ బొట్టుబొట్టుగా అందులోకి జారుతోంది. మామయ్య అప్పుడే గుడ్డ తోసి, చూసి, బుట్టలో పడేసి కూలబడ్డాడు.

"తల ఎత్తండి. రెప్ప కొట్టకండి. కొట్టకండి అంటున్నానా... కొట్టారుగా!"

రెండో చుక్క సరిగ్గా పడింది. మామయ్య కళ్ళు మూసుకునే అన్నాడు, "సాయంత్రం తాళాలు ఇచ్చేస్తున్నానే."

"ఏ తాళాలు?"

"ఈ గది తాళాలు. సెక్రటరీ గారికి."

ఆవిడ మందు సీసా మూత పెట్టడం ఆపింది. చూస్తే బల్లమీద తాళాల గుత్తి నిజంగానే విడిగా తీసి పెట్టి ఉంది. అప్పుడు బయటపడ్డాడు మామయ్య. నీలం సంగతి, మిగతా రైఫిళ్ళ సంగతి, పిల్ల గుళ్ళు చెదరడం, ఎడమకన్ను ఒక మాట కుడికన్ను ఒక మాట చెప్పడం, అన్నీ కక్కేశాడు. "గుడ్డ రంగు తెలియనివాడు ఈ బల్ల ముందు నిలబడకూడదు. ఆ పిల్లని క్లబ్బు రైఫిల్ తీసుకుని పోటీకి పొమ్మని చెప్తాను. అది ఆ పిల్ల చేతికి కుదరదు. ఏం చెయ్యను? నా మూలంగా ఏడాది కష్టం బూడిదలో పోసినట్టైంది" అన్నాడు. ఈ గది లేకపోతే పొద్దున్నే లేచి ఎటు వెళ్ళాలో ఆయనకి తెలీదు. ఆ భయం మొహంలో కొట్టొచ్చినట్టు కనపడుతోంది.

అత్తయ్యకి జాలేసింది. జాలేసినప్పుడు ఆవిడకి కోపం కూడా వస్తుంది, రెండూ విడివిడిగా రావు. "ఇన్ని రోజులు ఇంత పెట్టుకుని నాతో ఒక్క ముక్క చెప్పలేదా? పైగా నీలిమందు ఎక్కువైందని నామీద ఎగిరారు! ముందు భోంచేయండి. కడుపు కాలుతుంటే తాళాలూ ఇవ్వలేరు."

బల్లమీద చోటు చేయడానికి చేతికందినవన్నీ జరిపేసింది. రాడ్ చివరి ఇత్తడి మొన జిడ్డుజిడ్డుగా తగిలింది. "ఛీ, ఏంటిదింత జిడ్డు" అని దాన్ని మరతిప్పి ఊడదీసి, నానుతుందిలే అని మూతి కిందున్న గిన్నెలో పడేసింది. గిన్నెలో తెల్లటి నురగ. కిటికీ బార్లా తెరిచి, నురగ ఘాటుకి దూరంగా స్టూళ్ళు జరిపి ఇద్దరూ తిన్నారు. మామయ్య నాలుగు ముద్దలు బలవంతాన మింగాడు. ఆవిడ కారియర్ సర్ది, చేతులు కడిగి, ఆ మొన కూడా తోమిపెడదామని గిన్నె అందుకుంది.

"ఇదేంటండీ, ఇంత చిలుము పట్టింది!"

"ఏది?"

"ఈ మొనకి. ఇత్తడి చెంబు పుల్లటి దాంట్లో మర్చిపోతే పడుతుంది చూడండి, అలా. గిన్నెంతా నీలంగా చేసింది."

మామయ్య స్టూలు మీదనుంచి లేవలేదు. గొంతు మాత్రం లేచింది. "ఏంగా చేసింది?"

"నీలంగా."

"నీకు నీలంగా కనపడుతోందా?"

"నీలంగా కాక ఎర్రగా కనపడుతుందా? ఇంత నీలం ఎదురుగా పెడితే... కళ్ళున్నాయా లేవా మీకు?"

"ఉన్నాయే!" అన్నాడు మామయ్య. స్టూలు వెనక్కి పడిపోయింది. "ఉన్నాయే, ఉన్నాయి!"

గిన్నె రెండు చేతులా పట్టుకుని కిటికీ దగ్గరికి పరుగెత్తాడు. తాను తోసినప్పుడు ఈ గిన్నెలో పడ్డ నురగ తెల్లగా ఉంది. బ్యారెల్ లోపలంతా తిరిగి, మూతిలోంచి జారి పడ్డ నురగ. లోపల రాగి ఉంటే అది అప్పుడే నీలంగా పడాలి కదా! ఇత్తడి అంటే ఏమిటి, సగానికి పైగా రాగే కదా! తన చేత్తో చెక్కి, మెరుగుపెట్టి, మురిసిపోయిన మొనే నురగలో కరిగి ప్రతి గుడ్డకీ నీలం పూసింది. బ్యారెల్ శుభ్రంగానే ఉంది. అన్ని బ్యారెళ్ళూ శుభ్రంగానే ఉన్నాయి. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, మరి ఈయనేం పడతాడు!

"చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికానే" అని నెత్తిమీద ఒక్కటి కొట్టుకున్నాడు.

"మెల్లిగా కొట్టుకోండి, కంటి కుట్లు కదుల్తాయి" అంది అత్తయ్య. విషయం ఆవిడకి సగమే అర్థమైంది, కానీ ఆయన మొహం చూశాక మిగతా సగం అవసరం లేకపోయింది.

సొరుగంతా తిరగేసి పాత ప్లాస్టిక్ మొన పట్టుకున్నాడు. అరిగిన మేరకి గుడ్డ రెండు మడతలు వేసి చుట్టాడు. బ్యారెల్‌లో కొత్తగా నురగ కొట్టి, ఈసారి నిలబడే కాచుకున్నాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. తర్వాత రాడ్ పెట్టి నిదానంగా, ఒకే ఊపున తోశాడు. గుడ్డ మూతిలోంచి బయటికొచ్చి గిన్నెలో పడింది.

దాన్ని విప్పి ఎండలో పట్టుకున్నాడు. కుడికంటితో చూశాడు. తెలుపు. మల్లెపూవంత తెలుపు, ఎక్కడా మచ్చ లేదు. అలవాటు కొద్దీ ఎడమకంటితో కూడా చూశాడు. అదే గుడ్డ ఎండుగడ్డి రంగులో ఉంది. మళ్ళీ కుడి. తెలుపు. మళ్ళీ ఎడమ. ఎండుగడ్డి.

"ఇది ఏ రంగే?" అని అడిగేశాడు. ఈసారి అడగడానికి నామోషీ అనిపించలేదు.

"తెలుపు. నేను ఉతికిన దుప్పటి, తెల్లగా కాక ఎలా ఉంటుంది?"

కుడికన్ను మొదటినుంచీ నిజమే చెప్పింది. నీలాన్ని నీలమంది, తెలుపుని తెలుపంది. పాతదని, నమ్మకమైనదని నెత్తిన పెట్టుకున్న ఎడమకన్నే మసకలో ఉండి ఏదో ఒకటి చెప్పింది. "ఇన్నేళ్ళుగా తెలుపంటే ఇదే అనుకున్నానే నేను" అన్నాడు ఎడమకంటితో చూస్తూ. "అంటే ఈ ఎడమది కూడా..." అని మొదలుపెట్టి మిగతాది మింగేశాడు. అత్తయ్య వినీ విననట్టు కారియర్ గిన్నెలు సర్దుకుంది. మొగుడి నోట సగం వచ్చిన మాటని లాగితే వెనక్కి పోతుందని ఆవిడకి అనుభవం.

సాయంత్రం మేనకోడలు వచ్చింది, బేకరీ పిండి చొక్కామీద అలాగే ఉంది. శిక్ష వినడానికి వచ్చినదానిలా గుమ్మంలోనే ఆగిపోయింది. "చెప్పు మామయ్యా. బ్యారెల్ పోయిందా?"

"బ్యారెల్ బ్రహ్మాండంగా ఉంది. పోయింది నా బుర్ర" అన్నాడు మామయ్య. నీలపు గిన్నె, తెల్లగుడ్డ పక్కపక్కనే పెట్టి దాచకుండా మొత్తం చెప్పాడు.

ఆ పిల్ల నోరు తెరుచుకుని విన్నది. "మరి నా గుళ్ళెందుకు చెదిరాయి?"

"అతిగా తోమి. రోజూ అద్దంలా చేసి నీ చేతికిచ్చాను. మరీ నున్నగా తోమిన బ్యారెల్‌లో మొదటి గుళ్ళు కుదురుగా పోవు తల్లీ. కాసిని పేలి, లోపల కాస్త మసి పట్టాకే దారిలో పడతాయి. పోటీకి ముందు అందుకేగా కొన్ని ఊరికే పేలుస్తారు! నువ్వేమో చెదిరినప్పుడల్లా హడలిపోయి ఆపేసి నా దగ్గరికి తెచ్చావు. నేనేమో మళ్ళీ తోమాను. ఇద్దరం కలిసి దాన్ని చంపుకుతిన్నాం."

"నిద్రపట్టక మొన్న పిండిలో ఉప్పు రెండుసార్లు వేశాను, తెలుసా!" అంది మేనకోడలు. తిట్టడానికి వచ్చిన నోరు నవ్వింది, కళ్ళల్లో మాత్రం నీళ్ళు తిరిగాయి. "అంటే ఆదివారం ఇదే రైఫిల్ పట్టుకోవచ్చా?"

"ఇదే. ఇప్పుడే వెళ్ళి పేల్చు. మొదటివి ఎటు పోయినా పట్టించుకోకు. ఆపకుండా కొట్టు. నేనూ వస్తున్నా."

మామయ్య వస్తున్నాననడమే వింత. చెవుల్లో పిడికెడు దూది కుక్కుకుని, టెలిస్కోపు పట్టుకుని, భుజాలు ముందే కుదించుకుని రేంజి అరుగుమీద నిలబడ్డాడు. వెనక బెంచీమీద అత్తయ్య కూర్చుంది, పక్కన ఖాళీ కారియర్. బల్లమీద ఆయన వదిలేసి వచ్చిన తాళాల గుత్తి ఆవిడ సంచీలో ఉంది. గదికి తాళం వేసి వచ్చింది ఆవిడే.

రైఫిల్ పేలింది. మామయ్య ఎగిరిపడ్డాడు. టెలిస్కోపు సర్దుకుని చూశాడు, గుండు అంచున ఉంది. రెండోది ఇంకో పక్క. మేనకోడలు వెనక్కి తిరిగి చూస్తే చేత్తో "కానీ, కానీ" అని సైగ చేశాడు. మరికొన్ని పేలాయి. తర్వాతివి ఒకదాని పక్కన ఒకటి నడిమధ్యకి చేరడం మొదలైంది. ఆ తర్వాతది పాత కన్నంలోనే దూరింది. చప్పుడుకి ఎగిరిపడటం మానలేదు గానీ మామయ్య టెలిస్కోపు మాత్రం వదల్లేదు.

పట్టలేని సంతోషంతో వెనక్కి తిరిగి భార్య వంక చూసి నవ్వాడు. టెలిస్కోపులో చూస్తూ చూస్తూ తిరిగాడేమో, ఒక కన్ను ఇంకా మూసుకునే ఉంది. అత్తయ్య ఆ కన్నునే చూసింది. ఇన్నాళ్ళుగా ఎప్పుడు చూసినా కుడికన్నే మూసేవాడు. ఇప్పుడు మూసింది ఎడమది. కుడికన్ను విప్పారి, మెరుస్తూ, ఆవిడనే చూస్తోంది.

ఆయన మళ్ళీ అటు తిరిగిపోయాడు. అత్తయ్య సంచీలోంచి ఫోన్ తీసి కంటి ఆస్పత్రికి కలిపింది. చెవుల్లో దూది ఉంది కాబట్టి ఆయనకి వినపడే ప్రమాదం లేదు.

"అమ్మా, ఎడమకంటి ఆపరేషన్‌కి తేదీ కావాలి. వచ్చేవారమే? సరే, రాసుకోండి... ఆఁ, ఒప్పుకున్నారండీ. లేదు లేదు, నోటితో చెప్పలేదు" అంది అత్తయ్య. "కన్ను కొట్టారు."